అల్లికలో ఊరట: సాధనా, కాలక్షేపమా?

ఊలు అల్లిక రెండు సూదులతో, ఒకే దారంతో సాగే పని. ఎడమచేతి సూది మీద వరసగా నిలిచిన ఒక్కో కుట్టులోకి కుడిచేతి సూది దూరుతుంది, దారాన్ని చుట్టుకుంటుంది, కొత్త కుట్టును లాగి తన మీద వేసుకుంటుంది. మగ్గం నేతలో పడుగు వేరు, పేక వేరు. అల్లికలో ఆ భేదం లేదు. మొదటి కుట్టు నుంచి చివరి ముడి దాకా పోగు ఒక్కటే, ప్రతి కుట్టూ తన కిందిదాన్ని పట్టుకుని నిలుస్తుంది. అందుకే ఒక కుట్టు సూది నుంచి జారితే దాని కింద ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి విడిపోతూ పోతాయి. తప్పు పడినచోట నాలుగు వరసలు లాగేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. దారం కాస్త మెలికలు తిరుగుతుంది తప్ప పాడవదు.

తమిళనాడులోని హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఈ పనికి ఒక కారణం వాతావరణమే. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న హోసూరులో మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున పాలకు వెళ్లేవాళ్ల మెడకు మఫ్లరు ఉండాల్సిందే. అయితే చలి ఒక్కటే కారణమైతే ఇళ్లలో అల్లిక ఎప్పుడో ఆగిపోయేది. అదే రాష్ట్రంలోని తిరుప్పూరు యంత్రాల మీద అల్లే బట్టకు దేశంలోనే పెద్ద కేంద్రం. లూధియానా స్వెట్టర్లు చలికాలం రాగానే రోడ్డు పక్కన గుట్టలుగా దిగుతాయి. ఊలు ఉండల ఖరీదు, పట్టే రోజులు లెక్కేస్తే చేత్తో అల్లిన స్వెట్టరు గిట్టుబాటయ్యే సరుకు కాదు. అయినా అల్లేవాళ్లు అల్లుతూనే ఉంటారు. ఎందుకంటే మనసు కుదుటపడుతుందంటారు. ఆ కుదుట ఎలాంటిది, ధర్మచింతనలో దానికి చోటుందా అన్నది విచారించదగ్గ ప్రశ్న.

ముందు ఆ మనసును కలతపెట్టేవి చూడాలి. మొరసునాడుగా పాతవాళ్లు చెప్పుకునే ఈ మెట్టభూముల్లో రాగులు, పూలు, మామిడి మీద బతికిన ఇళ్లు రెండు తరాల్లో బాగా మారిపోయాయి. 1970లు, 80ల్లో సిప్కాట్ పారిశ్రామిక వాడ, అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్, టైటన్ గడియారాల కర్మాగారం వచ్చాయి. ఈమధ్య టాటా ఎలక్ట్రానిక్స్‌లో వేలాది యువతులు హాస్టళ్లలో ఉండి షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. నలభై కిలోమీటర్ల దూరంలో బెంగళూరు. కొడుకు అక్కడ, కోడలు ఇంకో షిఫ్టులో, కూతురు విమానం ఎక్కితే తప్ప చేరలేని దేశంలో. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. దాంతో తెలుగిళ్లలో మరో దూరం ఏర్పడింది. మనవరాలు అవ్వతో తెలుగులో మాట్లాడుతుంది కానీ అవ్వ చదివే పుస్తకం చదవలేదు. ఇవేవీ గుండె పగిలే విషాదాలు కావు. రాని గ్యాస్ బండ, తెగిన ఫోను, సగంలో ఆగిపోయిన మాట వంటి చిన్న చిరాకులతో కలిసి రోజూ కొద్దికొద్దిగా పేరుకునే బరువు ఇది.

ఈ బరువుకు యోగశాస్త్రంలో పేరుంది. పతంజలి చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిది అంతరాయాలను చెప్పి, వాటి వెంట వచ్చే నాలుగింటిని లెక్కించాడు: దుఃఖం, దౌర్మనస్యం, ఒంట్లో వణుకు, ఊపిరి గతి తప్పడం. కోరిక అడ్డుపడితే మనసుకు కలిగే క్షోభ దౌర్మనస్యమని వ్యాసభాష్యం వివరిస్తుంది. ఇప్పటివాళ్లు చిరాకు, విసుగు అనేది దాదాపు ఇదే. విరుగుడుగా పతంజలి చెప్పింది ఏదో ఒక్క తత్త్వాన్ని పట్టుకుని అభ్యసించమని. ఆ ఒక్కటి ఈశ్వరుడేనని వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు బిగించాడు. కానీ అదే పాదంలో మరికొంత ముందుకు వెళ్లాక, ఎవరికి ఇష్టమైనదాన్ని వారు ధ్యానించినా చిత్తం నిలుస్తుందని పతంజలే వెసులుబాటు ఇచ్చాడు. ఊలు ఉండను ఆయన తలచుకుని ఉండడు, నిజమే. తోసిపుచ్చనూ లేదు.

అల్లేటప్పుడు జరిగేది గమనిస్తే ఈ వెసులుబాటు అర్థమవుతుంది. స్వెట్టరు అంచున రెండు కుట్లు సూటిగా, రెండు తిరగవేసి అల్లుతారు. లెక్క తప్పితే ఆ వరసలో గీత చెదిరి వెంటనే కంటికి తెలుస్తుంది. లెక్క పెట్టేంత మెలకువ కావాలి, కానీ ఆలోచనంతా పెట్టేంత కష్టం లేదు. చేతులు ఒక లయలో పడ్డాక ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది. కోడలి మాట తలపుకు వస్తుంది, రెండు కుట్లు సాగేసరికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. దాన్ని వెళ్లగొట్టాల్సిన పని లేదు, పట్టుకుని కూర్చునే తీరికా లేదు. జపమాల తిప్పేవారికి, తస్బీ పూసలు లెక్కించేవారికి, రోజరీ పట్టేవారికి ఈ స్థితి పరిచయమే. వేళ్లకు పని చెబితే మనసుకు కట్టుకొయ్య దొరుకుతుందని అన్ని మతాలూ కనిపెట్టాయి.

సూదులతో ఊలు అల్లడం మన ఇళ్లకు యూరోపియన్ల వెంట వచ్చింది, పాతది కాదు. చేతిపనిలో చిత్తశాంతి వెతకడం మాత్రం ఇక్కడి అలవాటే. లక్షవత్తుల నోము పట్టిన ఇల్లాలు నెలల తరబడి పత్తి ఏకి, వేళ్లు జారకుండా విభూతి అద్దుకుని, ఒక్కో వత్తినీ చేసి లెక్కకట్టి డబ్బాలో పెట్టుకుంటుంది. చేసిన వత్తులన్నీ ఒక్క సాయంత్రం వెలిగిపోతాయి. హోసూరు, బాగలూరు, రాయకోట చుట్టుపక్కల ప్రాంతం గులాబీకి, చామంతికి పేరుపడ్డది. చంద్రచూడేశ్వరుని కొండ దిగువనైనా, కృష్ణగిరి బజారులోనైనా పూలు కట్టే ఆడవాళ్ల వేళ్లను చూస్తే ఊలు అల్లికకు దగ్గరి చుట్టం కనిపిస్తుంది. కాడలు కలిపి ఇటు రెండు పూలు, అటు రెండు పూలు పెట్టి దారం ఒక మెలిక తిప్పి బిగిస్తారు. చూపు దారిన పోయే బేరం మీద ఉంటుంది, వేళ్లు మాత్రం ఆగవు. మూర కొలిచేది మోచేతి నుంచే. ఆ మాల సాయంత్రానికి వాడిపోతుంది.

మాల కట్టడమే మోక్షమార్గమైన కథలు వైష్ణవంలో ఉన్నాయి. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు తోట వేసి స్వామికి మాలలు కట్టాడు. ఆయన పెంచుకున్న గోదాదేవి ఆ మాల ముందు తాను ముడుచుకుని చూసుకుంది. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఆ కథమీదే నడుస్తుంది. రామానుజుల కోరిక మీద అనంతాళ్వాన్ తిరుమల కొండమీద తోట పెంచి పుష్పకైంకర్యం చేశాడు. ఈ సంప్రదాయంలో పని వేరు, పూజ వేరు అన్న గీత లేదు. స్వెట్టరు అల్లికను దీనితో నేరుగా సమం చేయడం తొందరపాటే అవుతుంది. మాల దేవుడికి, స్వెట్టరు మనవడికి.

చిక్కంతా అక్కడే ఉంది. మనవడి కోసం అల్లే చేతిలో రాగం ఉంది. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసును గాలిలా పట్టనలవి కానిదన్నప్పుడు కృష్ణుడు రెండు ఉపాయాలు చెప్పాడు: అభ్యాసం, వైరాగ్యం. అల్లికలో అభ్యాసం ఉందనడానికి సందేహం లేదు. వైరాగ్యం ఉందా? వత్తులు కాలిపోతాయి, పూలు వాడిపోతాయి. స్వెట్టరు నిలుస్తుంది, దాంతోపాటు ఆశా నిలుస్తుంది. పిల్లవాడు వేసుకుంటాడా, దాన్ని వేసుకుని ఫోటో పంపుతాడా అని ఎదురుచూపు మొదలవుతుంది. బెంగళూరు ఇంట్లో అది బీరువా అడుగుకు చేరిందని తెలిసిన రోజున, అల్లేటప్పుడు దొరికిన ఊరటంతా ఒక్కసారి వెనక్కి పోతుంది. కర్మమీదే తప్ప ఫలం మీద అధికారం లేదన్న గీతావాక్యానికి ఇంతకన్నా సన్నిహితమైన ఉదాహరణ గృహస్థజీవితంలో దొరకడం కష్టం. పని ముగిసి మూట కట్టాక గానీ ఈ సాధనకు అసలు పరీక్ష రాదు. అయితే పిల్లలు ఎదుగుతారు, ఎంత మక్కువగా వేసుకున్న స్వెట్టరైనా రెండు చలికాలాలకు చేతులు పొట్టవుతుంది. అల్లే అవ్వలకు ఇది ముందే తెలుసు. తెలిసీ అల్లడంలో, వైరాగ్యం పూర్తిగా కాకపోయినా, దాని ఛాయ ఉంది.

చేతిపనిని యజ్ఞమనే వాదం ఇరవయ్యో శతాబ్దంలో దేశమంతా వినిపించింది. గాంధీజీ గీత మూడో అధ్యాయంలోని యజ్ఞాన్ని శరీరశ్రమగా వ్యాఖ్యానించి, ఈ కాలానికి నూలు వడకడమే యజ్ఞమన్నాడు. ఆ మార్గంలో నడిచిన రాజగోపాలాచారి హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న పుట్టినవాడు. నడివయసులోనే భార్యను పోగొట్టుకుని ఐదుగురు పిల్లల బాధ్యత మోసిన ఆయన 1925లో తిరుచ్చెంగోడు దగ్గర పుదుపాలయంలో గాంధీ ఆశ్రమం పెట్టి ఖాదీ పనిలో దిగాడు. అంతకుముందు ఏడాది బెళగావి కాంగ్రెసు, సభ్యత్వానికి నెలకు రెండువేల గజాల నూలు షరతుగా పెట్టింది. వడకడం ఇష్టంలేనివారు ఇంకొకరు వడికిన నూలు ఇవ్వవచ్చన్న సడలింపూ అందులోనే ఉంది. యజ్ఞానికి బదిలీ మనిషిని పెట్టుకోవచ్చని ఒప్పుకున్న నియమం ఎన్నాళ్లు నిలుస్తుంది? మరుసటి ఏడాదే అది ఐచ్ఛికమైంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1925లోనే రాట్నం మీద ఘాటుగా రాశాడు. ఒకే కదలికను అందరిచేతా అంతులేకుండా చేయిస్తే బుద్ధి మొద్దుబారుతుందన్నది ఆయన అభ్యంతరం.

ఠాగూర్ మాటను తేలిగ్గా తీసేయకూడదు. హోసూరులో దానికి రుజువు రోజూ షిఫ్టు దిగి వస్తుంది. అసెంబ్లీ లైను మీద ఎనిమిది గంటలు ఒకే చిన్న భాగాన్ని అమర్చిన యువతి చేతులు చేసిందీ పునరావృత్తే. ఆ పని ఆమెకు ధ్యానం కాలేదు, నడుంనొప్పి అయింది. అదే అమ్మాయి హాస్టలు గదికి వచ్చి సూదులు పట్టుకుంటే హాయిగా ఉండవచ్చు. కాబట్టి ఊరట కదలికలో లేదు. లైను వేగాన్ని యంత్రం నిర్ణయిస్తుంది, సూదుల వేగాన్ని అల్లే మనిషి నిర్ణయిస్తుంది. ఒకచోట తప్పు దొరికితే మాట పడాలి, మరోచోట విప్పి మళ్లీ అల్లుకోవచ్చు.

పశ్చిమగోదావరి జిల్లాలోని నర్సాపురం లేసు ఈ సంగతిని ఇంకా కటువుగా చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్కాట్లాండు మిషనరీ దంపతులు మెక్రేలు అక్కడి ఆడవాళ్లకు కొక్కెపు సూదితో లేసు అల్లడం నేర్పారు. తరతరాలుగా వేలమంది ఇళ్లలోనే కూర్చుని అల్లిన లేసు విదేశాలకు వెళ్లింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వారి గురించి పుస్తకం రాసింది. ఇంటి ఇల్లాలు తీరికవేళ చేసుకునే పనిగా దాన్ని చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపింది. ‘మనసుకు హాయి, చేతికి కాలక్షేపం’ అన్న మాట వ్యాపారి నోట వచ్చినప్పుడు దాని అర్థం మారిపోతుంది. ఫలాపేక్ష లేకుండా పనిచేయడం చేసేవారి సాధన. చేయించుకునేవారు ఎదుటివాళ్లకు బోధించాల్సిన నీతి కాదు. గీతను కూలిబేరానికి వాడుకోవడం మన సమాజానికి కొత్త కాకపోయినా, తప్పు తప్పే.

ఇంకొక ఆక్షేపణ ఇంటి లోపలి నుంచే వస్తుంది. అల్లిక తప్పించుకునే దారి కాదా? కొడుకుతో తేల్చుకోవాల్సిన మాటను నాన్చి, తల వంచుకుని సూదుల చాటున కూర్చోవడం శాంతి అవుతుందా? కొన్ని ఇళ్లలో అది నిజమే. ఎప్పుడూ ఎదురుచెప్పని ఇల్లాలి చేతిలో సూదులు చూసి ఇంటిల్లిపాదీ ఆమె ప్రశాంతంగా ఉందనుకోవడం మామూలే. ఊరట వేరు, పరిష్కారం వేరు. ఊరటకు చేయగలిగింది ఒకటి ఉంది: కోపంతో అనబోయే మాటను పదినిమిషాలు వెనక్కి నెట్టడం. ఆ పదినిమిషాల తర్వాత మాట్లాడటమా, మానడమా అన్నది అల్లిక నిర్ణయించదు.

మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుడి కథ ఈ తేడానే పట్టుకుంటుంది. తపస్సుతో కొంగను చూపుతో కాల్చగలిగిన ఆ బ్రాహ్మణుడు భిక్షకు వెళ్లి, భర్తకు వడ్డిస్తూ తనను నిలబెట్టిన గృహిణి మీద కోపపడ్డాడు. తాను కొంగను కాదని ఆమె నెమ్మదిగా చెప్పి, మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరకు పంపింది. ధర్మవ్యాధుడు దుకాణం కట్టేసి అతణ్ని ఇంటికి తీసుకెళ్లి, తన ముసలి తల్లిదండ్రులకు తాను చేసే సేవ చూపించాడు. అనుమతి లేకుండా విడిచివచ్చిన అమ్మానాన్నల దగ్గరకు తిరిగి వెళ్లమని కౌశికుడికి చెప్పాడు. గృహిణి ఏకాగ్రత వడ్డనలో ఉంది, వ్యాధుడిది దుకాణంలో ఉంది, కౌశికుడిది అడవిలో ఉంది. మొదటి ఇద్దరూ పిలుపు వస్తే చేతిలో పని దించి లేవగలిగారు. అల్లికలో వరస మధ్యలో సూదులు వదిలితే కుట్లు జారతాయి గనుక అలవాటైనవాళ్లు ‘ఈ వరస అయిపోనీ’ అంటారు. ఆ ఒక్క వరస అవ్వగానే లేచే అవ్వకు అల్లిక అభ్యాసం, ఇంకో నాలుగు వరసలు సాగదీసే అవ్వకు అది కౌశికుడి అడవి.