శిథిలం ఏ కాలానికి చెందుతుంది? పాల్మైరా పునర్నిర్మాణంలోని నైతిక సమస్య

సిరియా ఎడారిలోని పాల్మైరాలో బేల్ దేవాలయ గర్భాలయాన్ని 2015 ఆగస్టు నెలాఖరున ఇస్లామిక్ స్టేట్ సంస్థ పేలుడు పదార్థాలతో కూల్చివేసింది. క్రీ.శ. 32లో దేవతార్పణం జరిగిన ఆ గర్భాలయంలో ప్రవేశద్వారపు చట్రం తప్ప దాదాపు ఏమీ మిగలలేదు. అంతకు వారం ముందే బాల్‌షమిన్ దేవాలయం నేలమట్టమయింది. అక్టోబరులో రాజవీథి మొదటి తోరణం కూలింది. నాటినుండి పురావస్తువేత్తలను, వాస్తు చరిత్రకారులను, పాలకులను ఒకే ప్రశ్న వెంటాడుతున్నది: కూలినదాన్ని మళ్ళీ నిలబెట్టాలా, వద్దా?

ప్రశ్న సూటిగానే కనిపిస్తుంది. అయితే దీనికి ముందుగా తేల్చవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నిలబెట్టవలసింది ఏ దేవాలయాన్ని? 32 నాటిదాన్నా, 1132 నాటిదాన్నా, 1929 నాటిదాన్నా, లేక 2014లో యాత్రికులు చూసినదాన్నా? ఈ నాలుగూ ఒకే స్థలంలో ఉన్న వేర్వేరు కట్టడాలు. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడమంటే తక్కిన కాలాల మనుషులను పక్కకు తప్పించడమే.

పాల్మైరాను గ్రీకు రోమన్ నగరంగా వ్యవహరించడం అలవాటయింది. కొరింథియన్ స్తంభశీర్షాలు, దీర్ఘమైన స్తంభవీథి, రంగశాల ఆ వ్యవహారానికి ఆధారాలు. కానీ మధ్యధరా తీరానికీ యూఫ్రటీసుకూ నడుమ ఒంటెల బిడారుల వర్తకంతో బతికిన ఆ ఒయాసిస్సు ప్రజలు తమ శాసనాలను గ్రీకుతోపాటు తమదైన అరమాయిక్ భాషలోనూ చెక్కించారు. బేల్ మెసపొటేమియా మూలాలున్న దేవుడు. ఆలయానికి చుట్టూ స్తంభాలు గ్రీకు పద్ధతిలో నిలిచినా, ద్వారం మాత్రం పొడవాటి పక్కగోడలో, అదీ సరిగ్గా మధ్యన కాక ఒక వైపుకు జరిగి ఉండేది. పైకప్పు అంచున మెట్లు మెట్లుగా కోసిన తూర్పుదేశపు శిఖరాలు వరుసగా ఉండేవి. జెనోబియా రాణి తిరుగుబాటును ఆరేలియన్ చక్రవర్తి 272లో అణచి, మరుసటి ఏడు జరిగిన రెండో తిరుగుబాటు తరువాత నగరాన్ని కొల్లగొట్టించాడు. సాధారణ చరిత్ర గ్రంథాలలో పాల్మైరా కథ అక్కడితో ముగుస్తుంది.

ఆలయం కథ అక్కడ ముగియలేదు. బైజాంటైన్ల కాలంలో గర్భాలయం చర్చి అయింది. 1132లో అరబ్బులు ప్రాకారాన్ని కోటగా బలపరచారు. గర్భాలయం మసీదుగా మారింది. తద్మూర్ గ్రామం క్రమంగా ఆ ప్రాకారం లోపలే స్థిరపడింది. బేల్ ఉత్సవాలు జరిగిన ముంగిలిలో మట్టిగోడల ఇళ్ళు లేచాయి. 1751లో రాబర్ట్ వుడ్, జేమ్స్ డాకిన్స్ వచ్చినప్పుడు ఊరు అక్కడే ఉంది. వారు 1753లో ప్రచురించిన చిత్రగ్రంథం యూరప్ భవన నిర్మాణాన్ని ప్రభావితం చేసింది. 1791లో వోల్నీ తన తాత్త్విక రచనకు పాల్మైరా శిథిలాలనే నేపథ్యంగా ఎంచుకున్నాడు. యూరప్ మనసులో నిలిచింది స్తంభాలే గాని, వాటి నడుమ వంట చేసుకుంటూ, బిడ్డలను కంటూ, నమాజు చేస్తూ ఉన్న ఊరు కాదు.

ఫ్రెంచి పాలన కాలంలో, 1929 నుండి 1932 వరకు, ఆ ఊరిని ప్రాకారం నుండి ఖాళీ చేయించి పక్కనే కొత్త పట్టణానికి తరలించారు. పురావస్తు శాఖాధిపతి ఆన్రీ సేరిగ్ ఆధ్వర్యంలో ఆలయాన్ని శుభ్రపరచి సర్వే చేశారు. ‘శుభ్రపరచడం’ అన్న మాటను ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఎనిమిది శతాబ్దాల నివాసాన్ని మాలిన్యంగా భావించినప్పుడే ఆ క్రియాపదం సరిపోతుంది. లోకం ‘సనాతన శిథిలం’గా ఆరాధించిన ఏకాంత దృశ్యానికి ఆ రూపం 1932లో ఏర్పడింది. 2015లో కూల్చివేత నాటికి దాని వయసు ఎనభై మూడేళ్ళు.

ఈ ఏకాంతం పట్ల మోహం ఎందుకు పుట్టిందో యూరప్ సౌందర్యశాస్త్రమే కొంత వివరించింది. 1903లో వియన్నా కళాచరిత్రకారుడు అలోయిస్ రీగల్ కట్టడానికి చారిత్రక విలువ, ప్రాచీనతా విలువ అనే రెండింటిని వేరుపరిచాడు. మొదటిది ఒక నిర్దిష్ట కాలానికి సాక్ష్యంగా కట్టడాన్ని చెక్కుచెదరకుండా కోరుతుంది. రెండోది కాలం దానిపై వేసిన గాయాలనే ప్రేమిస్తుంది. రస్కిన్ అంతకు ముందే, 1849లో, పునరుద్ధరణ అంటే సర్వనాశనమేనని తీర్పు చెప్పాడు. 1964 నాటి వెనిస్ నియమావళి చాలా వరకు ఆ దారినే నడిచింది. చెల్లాచెదురుగా పడిన అసలు రాళ్ళను తిరిగి కూర్చడం తప్ప తక్కిన పునర్నిర్మాణాన్ని 15వ అధికరణం తోసిపుచ్చింది. అదే నియమావళి 11వ అధికరణం మరొక మాట చెప్పింది: కట్టడానికి అన్ని కాలాలూ చేర్చిన యోగ్యమైన అంశాలను గౌరవించాలి. ఈ అధికరణం ముప్పై రెండేళ్ళు ముందుగా వచ్చి ఉంటే తద్మూర్ మసీదు గతి ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఇళ్ళ గతి మాత్రం అనుమానమే. యోగ్యతను నిర్ణయించేవారు అప్పుడూ ఇప్పుడూ గుడిసెల్లో ఉండేవారు కారు.

భారతీయ సంప్రదాయంలోని జీర్ణోద్ధరణ భావన ఇక్కడ ఒక పోలికకు ఉపకరిస్తుంది. ఆగమ దృష్టిలో శిథిలమైన ఆలయం ఆరాధనకు విఘాతం. దాన్ని బాగుచేయడం కొత్త గుడి కట్టినంత పుణ్యకార్యం. పాత రాయి స్థానంలో కొత్త రాయి పెట్టడం అక్కడ మోసం అనిపించుకోదు. ఎందుకంటే ఉద్ధరించేది రాతిని కాదు, ఆ చోట నిత్యం జరగవలసిన పనిని. రస్కిన్‌కు నేరంగా తోచినది స్థపతికి ధర్మం. ఈ భావనను పాల్మైరాకు యథాతథంగా అన్వయించడానికి వీలులేదు. బేల్‌ను కొలిచేవారు నేడు లేరు. కనుక అక్కడ పునర్నిర్మాణం తిరిగి తెచ్చేది దర్శనాన్నే గాని వాడుకను కాదు. చిత్రమేమంటే, ఆ గర్భాలయంలో వాడుకను చివరివరకు నిలిపినవారు తద్మూర్ గ్రామస్థులే. వారు నమాజు చేసిన చోటు వారికి శిథిలం కానే కాదు. దానిని శిథిలంగా మార్చింది వారి నిష్క్రమణ.

ఇంతమాత్రం చేత 1929 నాటి తరలింపును, 2015 నాటి విధ్వంసాన్ని ఒకే త్రాసులో తూచడం అన్యాయం. సేరిగ్, ఆయన సహచరులు ఆలయాన్ని అంగుళం అంగుళం కొలిచారు. గ్రంథస్థం చేశారు. నేడు పునర్నిర్మాణం ఊహకైనా అందుతున్నదంటే ఆ కొలతల వల్లనే. కూల్చినవారు జ్ఞానాన్నే ద్వేషించారు. పాల్మైరా పురావస్తు వ్యవహారాలను 1963 నుండి నలభై ఏళ్ళు చూసిన ఖాలిద్ అల్ అసద్‌ను, ఎనభై ఏళ్ళు దాటిన ఆ పండితుణ్ణి, 2015 ఆగస్టులోనే శిరచ్ఛేదం చేసి చంపారు. ఈ హత్య ముందు రాళ్ళను గురించిన చర్చ ఒకింత చిన్నబోతుంది.

పునర్నిర్మాణాన్ని సమర్థించేవారి బలమైన వాదం కూడా ఇక్కడినుండే వస్తుంది. కూలినదాన్ని అలాగే వదిలేస్తే విధ్వంసకుడిదే చివరి మాట అవుతుందని వారంటారు. వార్సా ఉదాహరణ వారికి అండ. జర్మన్ సైన్యం పథకం ప్రకారం ధ్వంసం చేసిన ఆ నగరపు ప్రాచీన భాగాన్ని పోలెండు ప్రజలు పాత చిత్రపటాల, సర్వేల ఆధారంతో తిరిగి కట్టుకున్నారు. యునెస్కో దాన్ని 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాల్మైరా చేరినదీ అదే ఏడాది. అయితే వార్సాను కట్టినవారు అందులో నివసించడానికి కట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో యంత్రాలతో చెక్కిన పాలరాతి పాల్మైరా తోరణం వెలిసినప్పుడు, యుద్ధంలో చెదిరిపోయిన తద్మూర్ వాసులు ఆ చిత్రంలో ఎక్కడా లేరు. ప్రతీక నిలిచింది. అది ఎవరి పక్షాన నిలిచిందన్నది తేలలేదు.

1980 అనే సంవత్సరం మరొక కారణంగానూ మరపురానిది. ఆ జూన్‌లో శిథిలాల పొరుగునే ఉన్న తద్మూర్ చెరసాలలో సిరియా ప్రభుత్వ దళాలు వందలాది ఖైదీలను కాల్చిచంపాయి. దేశమంతటా భయానికి మారుపేరైన ఆ చెరసాలను కూడా ఇస్లామిక్ స్టేట్ 2015 మేలో పేల్చివేసింది. అది కూలినందుకు కన్నీరు కార్చనక్కరలేదని తోచవచ్చు. కానీ ఆ గోడలు నేరానికి సాక్ష్యాలు. రీగల్ విలువల పట్టికలో వాటికి ప్రాచీనతా విలువ లేదు. చారిత్రక విలువ నిస్సందేహంగా ఉంది. పాల్మైరాలో ఏది స్మారకం అని అడిగితే ఒక విదేశీ యాత్రికుడు, ఒక మాజీ ఖైదీ వేర్వేరు దిక్కులకు వేలు చూపిస్తారు. వారసత్వ పరిరక్షణ ఇంతవరకు మొదటివాడి వేలినే అనుసరించింది.

కనుక పునర్నిర్మాణం జరిగితే అది అతుకులను దాచకూడదన్న వాదమే సమంజసంగా తోస్తుంది. నిలబెట్టిన భాగం 2015ను చెరిపివేయరాదు. వివరణ ఫలకం 1929ను దాటవేయరాదు. అన్నిటికన్న ముందు పట్టణం కావాలి. నీళ్ళు, బడి, ఇల్లు లేని చోట గర్భాలయం లేపితే తద్మూర్ వాసులను రెండోసారి ప్రాకారం వెలుపల నిలబెట్టినట్లవుతుంది.

ఇంత చెప్పినా చిక్కు పూర్తిగా విడదు. స్తంభవీథి మలుపులో ఉన్న టెట్రాపైలాన్ విషయమే తీసుకోవచ్చు. నాలుగు వేదికల మీద నాలుగేసి స్తంభాల ఆ కట్టడాన్ని 1963లో సిరియా పురావస్తు శాఖ తిరిగి నిలిపింది. అల్ అసద్ బాధ్యతలు చేపట్టినదీ ఆ ఏడాదే. పదహారింటిలో ఒక్క స్తంభమే ఈజిప్టు గ్రానైటుతో చేసిన అసలుది. తక్కినవి రంగు కలిపిన కాంక్రీటువి. 2017 జనవరిలో, నగరం రెండోసారి ఇస్లామిక్ స్టేట్ చేతిలో ఉండగా, చాలా స్తంభాలు కూలాయి. ప్రపంచం వాటిని ప్రాచీన స్తంభాలుగానే తలచి దుఃఖించింది. ఇప్పుడు వాటిని తిరిగి నిలబెట్టేవారు గ్రానైటు తెప్పించాలా, లేక నలభై ఏళ్ళు ఆ నగరాన్ని కాచి అక్కడే ప్రాణం విడిచిన మనిషి కాలపు కాంక్రీటునే మళ్ళీ పోయాలా అన్నది 11వ అధికరణం చదివినవారెవరూ తేలికగా చెప్పగలిగేది కాదు.