పిల్లల అబద్ధం ఎవరి ఖాతాలో పడుతుంది?

చిన్ని కృష్ణుడి వెన్న దొంగతనం వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "మరి మన ఇంట్లో పిల్లలు దొంగతనం చేసినా, అబద్ధం చెప్పినా పాపం కాదా?" అని. ఈ ప్రశ్న నన్ను మందమర్రిలో, మా అన్న వాళ్ల సింగరేణి క్వార్టర్‌లో బాగా పట్టుకుంది.

అన్న కొడుక్కి నాలుగేళ్లు. మొన్న అమ్మ పూజకని రవ్వలడ్డూలు చేసి దేవుడి దగ్గర పెట్టింది. కాసేపటికి చూస్తే రెండు మాయం. వాడి బుగ్గల నిండా రవ్వే. పటంలో కృష్ణుడి మూతికి కూడా కొంచెం పూసి ఉంది! "నేను తినలే అత్తా, కిట్టయ్యే తిన్నడు" అన్నాడు. పడీ పడీ నవ్వాం. అమ్మ మాత్రం లెంపలేసుకుని, "పసోడు, వాని తప్పు పట్టకు సామీ" అంది.

అమ్మ మాట వెనక మహాభారతం ఉంది. ఆదిపర్వంలో మాండవ్యుడు మౌనంగా తపస్సు చేసుకుంటుంటే దొంగలొచ్చి సొమ్మంతా ఆయన ఆశ్రమంలో దాచారు. రాజు ఆయన్నీ దొంగే అనుకుని కొరత వేయించాడు. నాకెందుకీ శిక్ష అని యమధర్మరాజును నిలదీస్తే, "చిన్నప్పుడు పురుగులకు గడ్డిపుల్ల గుచ్చావు, ఆ ఫలితం" అన్నాడు. ఊహ తెలియని వయసులో చేసిన దానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు ధర్ముడినే శపించాడు. ఆయన విదురుడిగా పుట్టింది ఆ శాపం వల్లే. ఇక మీద 14 ఏళ్ల లోపు చేసినది పాపంగా అంటదని కూడా నియమం పెట్టాడు.

హమ్మయ్య, మనవాడు సేఫ్ అనుకున్నా. సాయంత్రం దాకా.

సాయంత్రం వాడు రెండేళ్ల చెల్లిని గడపలో కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టాడు. తండ్రి పాత హెల్మెట్ పెడితే ముక్కు దాకా దిగింది. టిఫిన్ బాక్స్ పట్టుకుని, "చాక్లెట్ తెస్త, ఇప్పుడే వస్త" అని చెప్పి, తలుపు చాటుకెళ్లి నాతో గుసగుసగా, "డ్యూటీకి పోయిన అత్తా!" అన్నాడు. నేను నవ్వాను. అన్న నవ్వలేదు.

తర్వాత వదిన చెప్పింది. సెకండ్ షిఫ్ట్ ఉన్నప్పుడల్లా అన్న అలాగే జారుకుంటాడట. వీడు చాక్లెట్ కోసం గేటు దగ్గర కూర్చుని, కూర్చుని, అక్కడే నిద్రపోతాడట.

"నిజం చెప్పొచ్చు కదా అన్నా?" అన్నాను.

"బాయికి పోతున్న, రాత్రికి వస్త అంటే మాటిచ్చినట్టే గదా. బాయిల దిగెటోడు అంత గట్టిగ ఎట్ల మాటిస్తడే?"

నా దగ్గర జవాబు లేదు. బాపు కూడా బొగ్గు బాయిలోనే చేశాడు. షిఫ్ట్ దిగే టైమ్ దాటితే అమ్మ వాకిట్లో ఎలా నిలబడేదో నాకు తెలుసు.

ఆ రాత్రి ఆలోచిస్తే ఒకటి తట్టింది. మన ఇళ్లల్లో ఎవరూ "పోత" అనరు, "పోయొస్త" అంటారు. అది గ్యారంటీ కాదు, అబద్ధమూ కాదు. పోవడం మన చేతిలో ఉంది కాబట్టి అది నిజం చెప్తాం. రావడం దేవుడికి అప్పజెప్తాం. అంటే అది రోజూ గడపలో చేసే చిన్న ప్రార్థన. "చాక్లెట్ తెస్త" అలా కాదు. అది పిల్లాడి ఏడుపు నుంచి మనం తప్పించుకోవడం.

మాండవ్యుడి నియమం కూడా నాకు అప్పుడే ఇంకోలా అర్థమైంది. 14 ఏళ్ల దాకా పిల్లల ఖాతా ఖాళీ, సరే. కానీ చేసిన పని ఎక్కడికీ పోదు కదా? నాకు తోచినంతవరకు అది వాళ్లకు నేర్పినవాళ్ల ఖాతాలో పడుతుంది. కిట్టయ్య మూతికి లడ్డూ పూసింది వాడే, ఆ విద్య నేర్పింది మేము.

మర్నాడు అన్న వాడి ముందు గొంతుక్కూర్చుని, "బాయికి పోతున్నరా. పోయొస్త" అన్నాడు. వాడు వీధి అదిరేలా ఏడ్చాడు. రెండో రోజూ అంతే. నేను హైదరాబాద్ వచ్చేశాక వదిన ఫోన్‌లో చెప్పింది. ఇప్పటికీ ఏడుస్తాడట, కానీ గేటు దగ్గర కూర్చోవడం మానేశాడట. ఆట కూడా మారింది. ఇప్పుడు చెల్లితో, "ఏడ్వకు, బాయికి పోయొస్త" అంటాడట. అది నిజంగానే ఏడుస్తుందట!

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే రేపు గడప దాటేటప్పుడు నిజం చెప్పి చూడండి. ఏడుస్తారు. ఏడవనివ్వండి.

శ్రీకృష్ణార్పణం.