ఎవరు అడ్జస్ట్ కావాలి?

హైదరాబాదులో 'అడ్జస్ట్' అన్న మాట వస్తువులకంటే మనుషులకే ఎక్కువ వాడతాం. షేర్ ఆటోలో చోటు లేని చోట ఇంకో మనిషి, అద్దె ఇంట్లో నీళ్ళు రాని పూట, ఆఫీసులో ఆదివారం డ్యూటీ. అన్నిటికీ ఒకటే జవాబు: జర అడ్జస్ట్ చేస్కో. వస్తువుని సరిచేయడం అన్న అర్థం మెకానిక్కుల దగ్గరే మిగిలిపోయింది. ఈ రెండు అర్థాల మధ్య తేడా ఎంత పెద్దదో నాకు అబిడ్స్‌లో ఒక షట్టర్ దగ్గర తెలిసింది.

పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్ళకి అబిడ్స్ షట్టర్లు మూసి ఉన్నప్పుడే ఎక్కువ పరిచయం. ఆదివారం పాత పుస్తకాలు పరిచేది వాటి ముందే కదా. మిగతా రోజుల్లో పొద్దున్నే జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ వైపు నడిస్తే అవి ఒక్కొక్కటే లేవడం కనిపిస్తుంది. అలా ఒకరోజు ఒక చిన్న షాపు ముందు ఆగాను. పనికుర్రాడు మోకాళ్ళు వంచి, షట్టర్ని నడుందాకా లేపి, దాని కింద భుజం పెట్టి తోస్తున్నాడు. ఓనరు బండి మీద కూర్చుని "గట్టిగ లేపురా, అలవాటైతది" అంటున్నాడు.

నిజానికి చేత్తో లేపే షట్టర్ బరువు మోయాల్సింది చెయ్యి కాదు. పైన అడ్డంగా ఉండే గొట్టం దగ్గర స్ప్రింగులుంటాయి. షట్టర్ దింపినప్పుడు అవి బిగుస్తాయి. లేపేటప్పుడు ఆ బిగువే బరువులో చాలా భాగం మోస్తుంది. మనిషి ఇవ్వాల్సింది కాస్త ఊతం. ఏళ్ళు గడిస్తే స్ప్రింగు వదులవుతుంది. అప్పుడు సగందాకా లేపి పట్టు కొంచెం సడలిస్తే చాలు, షట్టర్ కిందికి జారిపోతుంది. స్ప్రింగు మరీ బిగిస్తే దానంతటదే పైకి ఎగురుతుంది. ఒక పక్కే పట్టేస్తుంటే మాత్రం ఆ పక్క పట్టా వంగిందేమో, దుమ్ము పేరుకుందేమో చూడాలి. దుమ్ము ఎవరైనా తుడవొచ్చు. స్ప్రింగు జోలికి మాత్రం తెలిసిన మెకానిక్కే పోవాలి, బిగువులో ఉన్నది జారితే చెయ్యి విరుగుతుంది. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళ గరాజ్ తలుపులకీ సూత్రం ఇదే. అక్కడ స్ప్రింగు వదులైతే అరిగేది మోటారు. ఇక్కడ కుర్రాడి నడుము.

ఆ ఓనరు చెడ్డవాడని నేననను. ఆయన లెక్కలో ఏదీ పాడవలేదు. రోజూ షట్టర్ లేస్తోంది, షాపు తెరుచుకుంటోంది. కుర్రాడికి బలం ఉన్నన్నాళ్ళూ రిపేరు కనపడదు. నన్ను ఇబ్బంది పెట్టేది ఇదే. మనిషి ఓపిక వస్తువులోని లోపాన్ని దాచేస్తుంది. ఓపికని మనం ఎంత మెచ్చుకుంటే లోపం అంత క్షేమంగా ఉంటుంది. చివరికి కుర్రాడు లేపలేకపోయిన రోజున పాడైంది షట్టర్ అనం, వాడికి చేతకావట్లేదంటాం.

అలాగని సర్దుకుపోవడమే తప్పా? అది లేకుండా ఈ ఊళ్ళో ఒక్క పూట గడవదు. షాపు మూసిన రోజు దాని ముందు చోటు పుస్తకాలది, తెరిచిన రోజు షాపుది. అదీ సర్దుబాటే. కానీ అక్కడ వంతులు మారతాయి. ఎప్పుడూ ఒకే మనిషి సర్దుకోవాల్సి వస్తోందంటే దాన్ని సర్దుబాటు అనకూడదు, ఎవరో చేయించని రిపేరు అనాలి.

కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు పొద్దుట్నించి రాత్రిదాకా నిలబడే ఉండేవాళ్ళు. ఆ ఉద్యోగమే అంత అనుకున్నారు అందరూ. వాళ్ళు పోరాడాక 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చి, కూర్చునే వీలు కల్పించాలని చెప్పింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. కావాల్సింది ఒక స్టూలు. అన్నేళ్ళూ స్టూలు బదులు కాళ్ళు సర్దుకున్నాయి.

అందుకే 'జర అడ్జస్ట్ చేస్కో' అని ఎవరైనా అంటే నాది ఒకటే షరతు. అన్నవాళ్ళు ఒక వారం పొద్దున్నే తమ చేత్తో షట్టర్ లేపాలి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే, అప్పుడు వింటాను.