నిషేధించిన నవలలో ఒక పిల్లవాడు

విశ్వాసి ఎలాంటి నవలైనా చదవవచ్చా? మన సహవాసంలో యౌవనస్థులు ఈ ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "అలాంటివి ముట్టుకోవద్దు" అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. మనం కాపురముంటున్న ఈ ఐర్లాండ్ అలాగే తేల్చి చూసింది.

ఇక్కడ 1929లో పుస్తకాల సెన్సారు చట్టం వచ్చింది. 1965లో జాన్ మెక్‌గహెర్న్ రాసిన 'ది డార్క్' నవలను నిషేధించారు. ఆయన డబ్లిన్‌లోని క్లొంటార్ఫ్‌లో బడిపంతులు. ఆ ఉద్యోగమూ పోయింది. ఇంతకీ నవలలో ఏముంది? తల్లిలేని పిల్లలున్న పల్లెటూరి ఇల్లు. తండ్రి కొడుకును కొడతాడు, రాత్రిపూట అతని శరీరాన్నీ వదలడు. నమ్మి వెళ్లిన ఫాదర్ ఇంట్లోనూ ఆ కుర్రవాడికి నెమ్మది లేదు.

నిషేధించినవారి భయాన్ని నేను ఎగతాళి చేయను. పిల్లల మనసు పాడవకూడదని వారి తపన. కానీ కాపాడవలసిన పిల్లవాడు ఆ పుస్తకంలోనే ఉన్నాడు కదా! 2009లో ర్యాన్ నివేదిక వచ్చింది. మతసంస్థలు నడిపిన వసతి బడుల్లో పిల్లలు దశాబ్దాలపాటు పడిన హింస అందులో ఉంది. నవల చదివి ఉంటే అదంతా ఆగేదని అనను. అలాంటి మాట బయటికి రావడానికి ఉన్న ఒక దారి మాత్రం మూసుకుపోయింది.

రెండవ సమూయేలు 13వ అధ్యాయం చూడండి. తామారును ఆమె అన్నే చెరిచాడు. అబ్షాలోము ఆమెను మాట్లాడవద్దన్నాడు. దావీదు కోపపడ్డాడు, అంతే. వాక్యం ఇదేమీ దాచలేదు. చెడ్డ పదాల జాబితా పెట్టి వడపోసే ప్రోగ్రాం రాస్తే (నా వృత్తి అలాంటిదే), ఈ అధ్యాయం కూడా చెత్తబుట్టలోకే పోతుంది.

మన తెలుగులో చలం 'మైదానం' ఉంది. భర్తను విడిచి అమీర్‌తో వెళ్లిన రాజేశ్వరి నిర్ణయాన్ని నేను ఒప్పుకోను. వివాహం దేవుడు ఏర్పరచినదని నా నమ్మకం. అయితే ఆమె లేచిపోవడం గురించి వాదించినంతగా, ఆ ఇంట్లో ఆమెకు ఊపిరి ఎందుకు ఆడలేదో మనం అడగలేదు.

అలాగని అన్ని బూతు రచనలకూ నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. పడకగదిని అమ్మకానికి పెట్టే పుస్తకాలు బోలెడు. దెబ్బ తిన్నవాడిని రచయిత మనిషిగా చూశాడా, చదివేవాడి సరదాకు వాడుకున్నాడా? నేను చూసేది అదొక్కటే.

1967లో చట్టం మార్చి ఇలాంటి నిషేధాలకు 12 ఏళ్ల గడువు పెట్టారు. ఇప్పుడు 'ది డార్క్' లైబ్రరీలో అడిగి తెచ్చుకోవచ్చు. ఎదిగిన పిల్లలున్న తల్లిదండ్రులు ముందు తామే చదివి, తరువాత వారితో కూర్చుని మాట్లాడితే బాగుంటుందని నా మనవి. పదేళ్లవాడి చేతికి మాత్రం ఇవ్వకండి.