పిడికెడు బియ్యం, బిందెడు నీళ్ళు



సామాన్య కాలపు 32వ ఆదివారం ఏటా నవంబరు 6 నుంచి 12వ తేదీ లోపల వస్తుంది. ఆ ఆదివారం దివ్యబలిపూజలో ‘ఏ’ సంవత్సరమైతే పదిమంది కన్యల ఉపమానం చదువుతాం. ‘బి’ సంవత్సరమైతే సారెఫతు విధవరాలి కథ చదువుతాం. ఒకచోట దివిటీలకు నూనె, మరొకచోట తొట్టి అడుగున పిడికెడు పిండి. శ్రీసభ ఈ పఠనాలను ఏర్పాటు చేసినప్పుడు మన కోస్తా జిల్లాలను దృష్టిలో పెట్టుకొని ఉండదు. కాని నవంబరు మనకు తుఫానుల నెల. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. కోనసీమ తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. ఆ వాక్యాలు చదివేటప్పుడు గుడిలోని పెద్దవాళ్ళు ఒకసారి కిటికీలోంచి మబ్బు వైపు చూడటం నేను చాలా ఏళ్ళు గమనించాను.

1996లో నేను కోనసీమలో ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్నాను. ఆ ముందటి ఆదివారమే దైవసంరక్షణ గురించి ప్రసంగించాను. ఆకాశపక్షులు, పొలంలోని పూలు, అన్నీ చెప్పాను. జనం బాగుందన్నారు. బుధవారం రాత్రి గాలి వచ్చింది. తెల్లవారేసరికి కొబ్బరిచెట్లు నడుములు విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉన్నాయి. కరెంటు లేదు. మా బంగళా మీద పెద్ద ట్యాంకు ఉంది, మోటారు ఉంది. కరెంటు లేని మోటారు ఎందుకు పనికొస్తుంది? ముందురోజు ట్యాంకు నింపించుకోవాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. పీఠం మీద వెలిగించే కొవ్వొత్తులు మాత్రం డజన్లకొద్దీ ఉన్నాయి. వెలుగుకు లోటు లేదు, తాగడానికి చుక్క లేదు!

మధ్యాహ్నానికి గొంతు ఎండిపోయి, విశ్వాసుల బాగోగులు చూసే నెపంతో పేటలోకి వెళ్ళాను. నెపం అనే అంటున్నాను, అబద్ధమెందుకు? ఒక ముసలమ్మ ఇంటికి కప్పు లేదు, గోడలు మాత్రం నిలిచాయి. ఆ గోడల మధ్య, మూతికి గుడ్డ వాసెన కట్టి రెండు ఇత్తడి బిందెలున్నాయి. రేకు డబ్బాలో అటుకులు, బెల్లం ముక్క ఉన్నాయి. నాకు గ్లాసుతో నీళ్ళిచ్చి, దోసెడు అటుకులు పెట్టింది. “ముందే ఎలా తెలుసమ్మా?” అన్నాను.

“తెలియడమేముంది సామీ! మా పుట్టిల్లు నాగాయలంక అవతల. డెబ్భై ఏడులో ఉప్పెన తీశాక చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకోడానికి లేవు. బావులన్నీ ఉప్పు. మా తమ్ముడి కూతురికి నాలుగేళ్ళు. గాలిని తట్టుకుంది, నీటిని తట్టుకుంది. మూడో రోజున ఆ గుంటలో నీళ్ళే తాగింది. విరేచనాలతో పోయింది.”

ఇంతే చెప్పి ఆమె బిందెకు మళ్ళీ గుడ్డ కట్టుకుంది. ఉప్పెన పదివేలమందిని పొట్టన పెట్టుకుందని మనం చెప్పుకుంటూ ఉంటాం. ఆ లెక్కలో ఆ పిల్ల ఉందో లేదో నాకు తెలియదు. కాని ఆ పిల్లను చంపింది సముద్రం కాదు. మూత పెట్టిన ఒక్క బిందె ఉంటే బతికేది.

“రేపటిని గురించి దిగులు పడవద్దని ప్రభువే సెలవిచ్చారు కదా ఫాదర్ గారూ, మరి దాచిపెట్టుకోవడం అవిశ్వాసం కాదా?” అని మీలో కొందరు అడుగుతారు. ఆ ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది. ఎడారిలో మన్నాను మర్నాటికి దాచుకున్నవారికి పురుగులే మిగిలాయి, నిజమే. కాని అదే అధ్యాయంలో ఆరవ దినాన రెండింతలు ఏరుకొమ్మన్నది కూడ సర్వేశ్వరుడే. ఏడవ దినాన దొరకదని ఆయనే ముందుగా హెచ్చరించాడు. అలాగే యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళ పంటలో ఐదోవంతు తీసి దాచమన్నాడు. హెచ్చరిక వినిపించాక కూడ చేతులు కట్టుకొని కూర్చోవడాన్ని వేదగ్రంథం ఎక్కడా విశ్వాసం అనలేదు. దిగులు వేరు, సిద్ధపాటు వేరు. దిగులుపడేవాడు రాత్రంతా మేలుకొని ఉంటాడు. బిందె నింపుకున్నవాడు జపమాల చెప్పుకొని పడుకుంటాడు.

మరి పెద్ద కొట్లు కట్టుకున్న ధనికుడిని లూకా సువార్తలో ప్రభువు ఎందుకు అవివేకి అన్నారు? ఆ ఉపమానం మళ్ళీ ఒకసారి చదవండి. అతని మాటల్లో నా పంట, నా కొట్లు, నా ప్రాణం తప్ప రెండో మనిషి లేడు. దాచడం అతని తప్పు కాదు, ఒక్కడికే దాచడం తప్పు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

“డబ్బున్నవాళ్ళు దాచుకుంటారు, రోజుకూలివాళ్ళం మేమేం దాచుకుంటాం?” అనే తల్లులకు ఇప్పుడు చెబుతాను. మన క్రైస్తవ ఇళ్ళల్లో పిడికెడు బియ్యం ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి గుడికోసం వేరే డబ్బాలో వేస్తారు. ఆ పిడికెడు తగ్గినందువల్ల ఎవరింట్లోనూ ఆకలి పెరగలేదు. అలాగే తుఫాను డబ్బా అని ఇంకొకటి పెట్టండి. ఆడవారి పిడికిలికి నలభై గ్రాములు వస్తుందనుకుంటే, రెండు పూటలకూ కలిపి నెలకు దాదాపు రెండున్నర కిలోలు. వర్షాకాలం మొదట్లో ఆరంభిస్తే నవంబరుకు పది కిలోలు దాటుతుంది. ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు. ప్రతి నెలా మొదటి శుక్రవారం, పూజ నుంచి రాగానే, పాతది వండుకొని కొత్తది పోయండి. లేకపోతే అవసరం వచ్చిననాడు డబ్బాలో పురుగులే ఉంటాయి, మన్నా కథ లాగే!

కాని పొయ్యి వెలగని రోజుకు బియ్యం పనికిరాదు. దానికి అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, వేరుశనగలు, బెల్లం. ఇవి మన పూర్వులు కనిపెట్టిన తుఫాను భోజనం. పసిపిల్లలకు పేలపిండి. ఊరగాయ జాడీ ఎలాగూ ఉంటుంది. వారానికి ఇరవై ముప్పై రూపాయలు తీయగలిగితే చాలు. ఒక వారం అగ్గిపెట్టె, రెండు కొవ్వొత్తులు కొని పాలిథీన్ సంచిలో బిగించి కట్టండి. ఇంకో వారం పావుకిలో అటుకులు, ఇంకో వారం టార్చిలైటు సెల్లులు. అన్నీ ఒక్కసారి కొనాలనుకుంటే ఎప్పటికీ కొనలేం. ఇదివరకు గుడ్డి దీపాలుండేవి, ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే అరుదు. కొవ్వొత్తి వెలిగించి నిద్రపోకండి. తుఫాను తప్పించుకున్న ఇల్లు నిప్పుకు పోయిన సందర్భాలున్నాయి.

నీటికైతే డబ్బే అక్కరలేదు. తాగడానికి, వండుకోవడానికి మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు మూడు నాలుగు బిందెలన్నమాట. హెచ్చరిక వినగానే ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నింపి మూత పెట్టండి. దీన్ని పల్లెటూరి సంగతి అనుకోవద్దు. 2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు మేడల్లోని వారే నీళ్ళకోసం, పాలకోసం వరుసల్లో నిలబడ్డారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, మొదటి అంతస్తు కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర నీళ్ళే. తాగే నీళ్ళ సీసా మాత్రం పడవ మీద రావాలి, లేదా డ్రోన్ మీద దిగాలి. ముసలమ్మ చెప్పిన 1977 మాటే మళ్ళీ.

నీళ్ళ విషయంలో ఒక పొరబాటు చాలా ఇళ్ళల్లో చూశాను. పటిక తిప్పితే బురద అడుక్కి దిగుతుంది, నీరు తేటగా కనిపిస్తుంది. క్రిములు చావవు. తేరిన నీటిని కళపెళ మరిగించాలి. పొయ్యి లేకపోతే క్లోరిన్ బిళ్ళ, పొట్లం మీద రాసిన కొలత ప్రకారం వేసి, చెప్పినంతసేపు ఆగాలి. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే లీటరు మంచినీటిలో చదునుగా కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి, ఆసుపత్రికి చేరేదాకా. ఉప్పు ఎక్కువైతే కీడు. ఈ రెండు కొలతలూ పిల్లలచేత జపం వల్లించినట్టు వల్లింపజేయండి. నాగాయలంక పిల్లను తలచుకొని రాస్తున్నాను.

బీపీకి, చక్కెర జబ్బుకు మాత్రలు వాడేవారు వారానికి సరిపడా ఎప్పుడూ మిగులు ఉంచుకోవాలి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ సీసాను తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఉంచవచ్చు. రేషన్ కార్డు, ఆధార్, పాసుపుస్తకాలు, జ్ఞానస్నాన పత్రాలు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టి దూలానికి కట్టండి. తడిసి ముద్దయిన కాగితాలు పట్టుకొని నష్టపరిహారం వరసలో నిలబడ్డవారి ముఖాలు నేను చూశాను. ఇంట్లోకి నీరు వస్తుంటే కాళ్ళు తడవకముందే మెయిన్ స్విచ్చి, గ్యాసు రెగ్యులేటరు కట్టేయాలి.

ఇంకొకటి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి చుక్కలు కనిపిస్తే, తుఫాను వెళ్ళిపోయిందని బయటకు పరుగెత్తకండి. అది తుఫాను కన్ను. కాసేపటికి అటువైపు నుంచి అంతకుమించిన గాలి వస్తుంది. పశువుల్ని చూసి వద్దామని ఆ సమయంలో వెళ్ళినవారిలో తిరిగి రానివారున్నారు. అధికారులు ఖాళీ చేయమంటే మాత్రం డబ్బా, బిందె చూసుకొని ఆగిపోవద్దు. కాగితాల సంచి, మాత్రలు చంకన పెట్టుకొని కదలండి. ప్రాణాలకంటె అటుకులు ఎక్కువ కాదు.

ఇక ఇందాక వదిలిన సంగతి. పదిమంది కన్యల ఉపమానంలో నన్ను కష్టపెట్టే మాట ఒకటుంది. నూనె ఉన్నవారు లేనివారికి ఇవ్వలేదు! ఇరుగుపొరుగును ప్రేమించమన్న ప్రభువే వారిని వివేకవతులన్నారు. సారెఫతు విధవరాలేమో తనకూ కొడుక్కూ మిగిలిన ఆఖరి పిండిలోంచి ముందు పరదేశికి రొట్టె కాల్చి పెట్టింది. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలి? వ్యాఖ్యాతలు ఆ నూనె సత్క్రియలని, ఒకరి పుణ్యం ఇంకొకరు అరువు తీసుకోలేరని చెబుతారు. మంచిదే. నేనూ అలాగే ప్రసంగించేవాణ్ణి. కాని ఆ ఐదుగురూ సాయంత్రం దారిలో కలిసి నడిచారు కదా! పక్క పిల్ల చేతిలో సీసా లేదని అప్పుడే ఎవరైనా చూసి ఉంటే? అర్ధరాత్రి ఇవ్వలేనిది సాయంకాలం చెప్పగలిగేవారు. అంగళ్ళు అప్పుడు తెరిచే ఉన్నాయి. ఉపమానం ఈ మాట చెప్పదు, నేను అడుగుతున్నానంతే.

ఆ రోజు ముసలమ్మను ఇంకొక ప్రశ్న కూడ వేశాను. “ఒక్కదానివి కదమ్మా, రెండు బిందెలెందుకు?” ఆమె నన్ను చంటిపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. “ఇది నాకు. అది వచ్చేవాళ్ళకి. ఎవరో ఒకరు వస్తారు కదా సామీ!” నేను తాగిన నీళ్ళు ఆ రెండో బిందెలోవి.

కనుక ప్రియులారా, మీ వీధిలో మంచంపట్టినవారెవరు, ఒంటరిగా ఉన్న ముసలివారెవరు, నెలలు నిండిన తల్లి ఎవరు? పేర్లు చెప్పగలరా? వారిలో ఒకరిని ఒక ఇల్లు చూసుకోవాలని ముందే మాట అనుకోండి. మతమేదని అడగకండి. సారెఫతు స్త్రీ ఇశ్రాయేలీయురాలు కాదు, ఆమె ఇంటికి వచ్చినవాడు ఇశ్రాయేలు ప్రవక్త. వాయుగుండం వార్త రాగానే ఆ ఇంటికి వెళ్ళి బిందెలు నింపడం, ఫోను చార్జింగు పెట్టి ఇవ్వడం, 108, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో గోడమీద రాయడం మన యువతకు గంట పని. గాలివానలో ఫోను మాట్లాడటానికి అందకపోయినా చిన్న సందేశం వెళ్ళే అవకాశం ఉంటుందని కూడ వారు పెద్దలకు నేర్పవచ్చు.

ఇది రాస్తూ మధ్యలో లేచి మా బంగళాలోని టార్చిలైటు వెతికాను. అరగంటకు, పాత క్యాలెండర్ల కింద దొరికింది. సెల్లులు లోపలే కారిపోయి పచ్చగా గడ్డకట్టి ఉన్నాయి. వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టాలని మా వంటమనిషి రెండుసార్లు చెప్పాడట. నాకు గుర్తు లేదు. అతణ్ణి కొత్తవి తెమ్మని ఇప్పుడే కొట్టుకు పంపాను. తన ఇంటికి కూడ ఒక జత కొనుక్కోమని చెప్పాను.