కథలో హంతకుడికి ఏ పేరు పెట్టాలి?

తొర్రూరులో మా బంధువుల ఇంట జరిగిన మాట ఇది. ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి 1948 నాటి పోరాటం మీద పిల్లల కోసం రాసిన ఒక కథ చదివాడు. పుస్తకం మూసి, "అబ్బా, రజాకార్లంటే మనవాళ్ళేనా?" అని అడిగాడు. తండ్రి వెంటనే జవాబు చెప్పలేకపోయారు. అక్కడే కూర్చున్న మేమూ చెప్పలేకపోయాం. ఆ కథలో ఊరు తగలబెట్టేవారందరికీ ముస్లిం పేర్లే. దెబ్బలు తిన్నవారిలో, ఎదురు తిరిగినవారిలో ఒక్క ముస్లిం పేరూ లేదు.

రచయిత లేనిది రాశాడని అనలేం. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు, ఇళ్ళు తగలబెట్టారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను కాదనే హక్కు ఎవరికీ లేదు. అయితే తొర్రూరుకు దగ్గరలోని విసునూరు దేశ్‌ముఖ్ ఏ మతస్తుడు? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపింది ఆ దొర మనుషులే కదా! అంతకు కొన్నేళ్ళ ముందు తన భూమి కోసం కోర్టుకెక్కి, గెలిచి, అదే దొర మనుషుల చేతిలో హతుడైన కామారెడ్డిగూడెం రైతు పేరు షేక్ బందగీ. జనగామ-సూర్యాపేట రోడ్డు పక్కన ఆయన సమాధి ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆయనే. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే.

కథలు కల్పించడమే అబద్ధమనే పెద్దలు మనలో కొందరున్నారు. మా అభిప్రాయం అది కాదు. ఫలానా పాత్ర కల్పితమని రాసేవారికీ తెలుసు, చదివేవారికీ తెలుసు. అందులో మోసం లేదు. కానీ ఒకరి నేరాన్ని మరొకరి నెత్తిన రుద్దితే అది కల్పన కాదు, దొంగసాక్ష్యం. పెద్దవాడైతే నాలుగు పుస్తకాలు తిరగేసి తేల్చుకుంటాడు. పన్నెండేళ్ళ పిల్లవాడికి కథలోని పేరే చరిత్ర. తేదీలు మరచిపోతాడు, పేరు మరచిపోడు. పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడికి అదే పేరుంటే?

ఇక మన ఇళ్ళ సంగతి. ముసలివాళ్ళు పిల్లలకు 1948 సెప్టెంబరు తర్వాతి రోజులే చెబుతారు. అవీ నిజమే. పోలీసు చర్య వెనుక జరిగిన హత్యలపై నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ లెక్క వేసినా ఇరవై ఏడు నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక చాలాకాలం బయటికి రాలేదు. అందుకే మనవాళ్ళకు గుండెలో ఆ బరువు. కానీ ఈ కథ చెప్పి బైరాన్‌పల్లిని మింగేస్తే, మనం ఆ రచయితకు ఏ విధంగా మెరుగు? దివ్యఖుర్ఆన్ (నిసా సూరా, 135వ ఆయతు) సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు వ్యతిరేకంగా ఉన్నా సరే న్యాయం మీదే నిలబడాలని ఆదేశిస్తోంది. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. ఆ హద్దు దాటినవాడు ఏ జెండా పట్టినా, నమాజు చదివేవాడైనా, కథలో దోషిగానే కనబడాలి. మనవాడని రచయిత కలం ఆపితే అక్కడే ఓడిపోతాడు.

పిల్లల కథలో నెత్తురు ఎంత చూపాలనే చర్చ కూడా ఉంది. మాకు అది చిన్న విషయంగా తోస్తుంది. పిల్లలు నెత్తురు చూసి కొన్ని రాత్రులు ఉలిక్కిపడతారేమో గానీ, ద్వేషం నేర్చుకుంటే జీవితమంతా మోస్తారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రి చివరికి చెప్పారు: "వాళ్ళలో మనవాళ్ళున్నారు బేటా. వాళ్ళ చేతిలో చనిపోయినవాళ్ళలోనూ మనవాళ్ళున్నారు." షోయబుల్లా ఖాన్ సంగతీ, బందగీ సంగతీ చెప్పారు. అబ్బాయి అన్నం కలుపుతూ ఆగి, "మరి కథలో వాళ్ళు లేరేం?" అన్నాడు.