జాగిలము కూర్చుండినప్పుడు



పరిశుద్ధ గ్రంథములో కుక్కకు గౌరవస్థానము లేదు. వీధులలో తిరుగు అపవిత్ర జంతువుగానే అది తరచుగా కనబడును. యోబు మాత్రము తన మందను కాయు కుక్కలను ఒకమారు తలంచెను (యోబు 30:1). అయినను మన అడవి పల్లెలలో కుక్క తోడు లేక అడవికి పోవువారు కొద్దిమందే గదా! అందుచేత ఈ నెల దానిని గూర్చియే కొంత ఆలోచింతము.

2025 ఏప్రిల్ నెలలో కర్రెగుట్టలపై కేంద్ర బలగములు మావోయిస్టులకొరకు గాలించిన సంగతి మీరెరుగుదురు. 2016 వరకు మన ఖమ్మం జిల్లాలోనే యుండిన వెంకటాపురం, వాజేడు మండలముల వైపున ఆ గుట్టలున్నవి. ఆ బలగములతో రోలో అను రెండేండ్ల జాగిలము ఉండెను. బెంగళూరు చెంత తరళు అను చోట సి.ఆర్.పి.ఎఫ్. వారి పాఠశాలలో పుట్టి, తర్ఫీదు పొందినది. మందుపాతరలను వాసనచేత పసిగట్టుట దాని పని. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు దానిమీద పడెను. జవానులు పాలిథిన్ పట్టా కప్పిరి గాని ఈగలు లోపలికి చొరబడెను. సుమారు 200 మారులు కుట్టగా, వైద్యమునకు కొనిపోవు త్రోవలోనే అది చనిపోయెను. పెరతేనె తీయు మన కోయ సోదరులకు ఆ బాధ చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, అదే గాలింపులో 31 మంది మావోయిస్టులు చనిపోయిరని ప్రభుత్వము ప్రకటించెను గదా, కుక్కకొరకు విచారమేల?" అని కొందరడిగిరి. న్యాయమైన మాటయే. ఆ 31 మందికిని తల్లులుండిరి. అయితే దుఃఖమును త్రాసులో తూచుట మా ఉద్దేశము కాదు. తానెక్కడికి పోవుచున్నదో యెరుగని ప్రాణిని, అది మనలను నమ్మినదను ఒక్క కారణముచేత, అపాయములోనికి నడిపించు అధికారము మనకున్నదా?

జాగిలముల తర్ఫీదు ఎట్లు జరుగునో చూడుడి. మొదట కూర్చుండుట, నిలుచుట, పిలిచినప్పుడు వచ్చుట నేర్పుదురు. అది సులభము. నడిమి తరగతిలోనే కష్టమంతయు నున్నది. అప్పుడు ప్రేలుడు మందు వాసనను ఆటబంతితో జతచేయుదురు. వాసన తగిలిన చోట అది మొరుగక, గోకక, మౌనముగా కూర్చుండవలెను. గోకినచో మందుపాతర ప్రేలవచ్చును. కూర్చుండగానే బంతి దొరకును. దానికంతయు ఆటయే, మృత్యువును వెదకుచున్నానని దానికి తెలియదు.

మొయినాబాదులో తెలంగాణ పోలీసువారు నడుపు పాఠశాలలో జాగిలముతోపాటు దానిని నడుపు జవానుకూడ నెలల తరబడి శిక్షణ పొందును. వాని పాఠమే మరింత కఠినమని మా తలంపు. శిక్షకుడు మందును దాచిన చోటు వానికి చెప్పకుండ పరీక్షించుట కలదు. తెలిసినచో వాని అడుగు, వాని చూపు, పగ్గపు బిగువు జాగిలమునకు చెప్పివేయును. బాట శుభ్రముగా కనబడినను, జాగిలము కూర్చున్నచో వాడు ఆగవలెను. "పద" యని పదే పదే లాగినచో అది నిజము చెప్పుట మాని, యజమానికి ఇష్టమైనదే చేయ నేర్చుకొనును.

బిలాము గాడిద కథ మీకు తెలిసినదే (సంఖ్యాకాండము 22). త్రోవలో నిలిచిన దూతను గాడిద చూచెను, దానినెక్కినవాడు చూడలేదు, మూడుమారులు కొట్టెను. ఆ యిద్దరిలో తర్ఫీదు కావలసినది గాడిదకు కాదు! మన పల్లెలలోను పొదలోనికి చొరక వెనుదీసిన వేటకుక్కను రాళ్లతో కొట్టువారున్నారు.

1916లో జర్మనీ దేశమునందు ఓల్డెన్‌బర్గ్ పట్టణములో, యుద్ధమున చూపు పోయిన సైనికులకొరకు త్రోవ చూపు కుక్కల పాఠశాల తెరచిరి. అట్టి కుక్కలకు నేడు నేర్పు విద్యలో ఒక వింతయున్నది. ఎదుట బండి వచ్చుచున్నచో, యజమాని ముందుకు పొమ్మన్నను కదలకుండ నిలుచుట నేర్పుదురు. లోబడుట బాగుగా నేర్చినదానికే ఈ పాఠము.

కాబట్టి అధికారమున్నదనియే మేమందుము. అడవికి కట్టెలకు పోయినవారు మందుపాతర త్రొక్కి చనిపోయిన దేశమిది. ఆ ముక్కు కాపాడు ప్రాణములను కాదనలేము. అయితే మందుపాతరయొద్ద కూర్చుండగల జాగిలము, గుట్ట క్రిందనే కూర్చుండి ఈ పనియే వద్దని చెప్పజాలదు. రోలో చనిపోయిన తరువాత సి.ఆర్.పి.ఎఫ్. డైరెక్టరు జనరల్ ప్రశంసతో దానిని గౌరవించిరి. మంచిదే, కాని ఆ ప్రశంసను అది ఎరుగజాలదు. బ్రతికియున్నప్పుడు దానికి కావలసినది పగ్గము పట్టినవాని కన్నులే: రాళ్లు కాలుచున్నవా, సీసాలో నీరు మిగిలెనా, అరికాళ్లు పగిలినవా, పైనున్న బండకు పెర పట్టియున్నదా యని చూచు కన్నులు.